పద్నాలుగో గొయ్యి

మార్చి 20, గురువారం

వెరావల్ రేవులో ఉన్న లోకనాథ్ బావకు మనింటి నుంచి రాణి రాస్తున్నది. ఇక్కడ అత్తా, నేనూ, సుస్మితా ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, నీ గదిలో ఉన్న మన ఊరివాళ్ళూ చల్లగా ఉండాలని గంగమ్మకు దణ్ణం పెట్టుకుని ఈ కాగితం పట్టాను. "ఒంట్లో" అని ఎందుకు రాశానో చదివితే నీకే తెలుస్తుంది. ముందే ఆఖరి పేజీ తిప్పకు, నీ తొందర నాకు తెలుసు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావు. నీ ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నేను ఒక మాట అంటే ఎనిమిది మంది వింటారు, అందులో నలుగురు ఇళ్ళకు చేరవేస్తారు, సాయంత్రానికి అది మన కొళాయి దగ్గరకు వచ్చేస్తుంది. పైగా ఆదివారం బోటెక్కినవాడివి మళ్ళీ ఒడ్డుకు రావాలంటే ఇరవై రోజులు. మన ఊరి త్రినాథ్ శనివారం పలాసలో రైలెక్కి మీ గదికే వస్తున్నాడు, ఇది అతని చేతికే ఇస్తాను. నువ్వు ఒడ్డుకు చేరేసరికి ఇది నీ పెట్టె మీద ఉంటుంది.

అక్కడి నుంచి ఊరికి వచ్చిన రామూర్తి చేత నువ్వు పంపిన చీటీ అందింది. డీజిలు బిల్లు వెనకాల రాసినా అక్షరాలు ముద్దుగానే ఉన్నాయి. నాలుగు సంగతులు అడిగావు.

అత్తకు పలాసలో రక్తపరీక్ష చేయించాను. కిడ్నీలు ఈసారి కూడా బాగున్నాయన్నారు, ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న మన ఉద్దానంలో అది చిన్న మాటా, బయటికి వచ్చాక ఇద్దరం ఆటో కోసం చూడటం మర్చిపోయి అక్కడే కాసేపు కూర్చున్నాం. మోకాలి నొప్పి మాత్రం అలాగే ఉంది. నూనె రాస్తానంటే రాయనివ్వదు, రాయకపోతే కోడలు పట్టించుకోదని వీధంతా చెబుతుంది. వంటింటి మీద రేకు మార్పించాను. తిత్లీ తుపాను తరవాత నువ్వు నాటిన రెండు కొబ్బరి మొక్కల్లో ఒకటి ఈ ఏడు పూత వేసింది. రెండోదానికి ఇంకా బుద్ధి పుట్టలేదు.

నాలుగో ప్రశ్న, సుస్మిత ఫోను దగ్గరకు ఎందుకు రావడం లేదని. నిద్రపోయిందన్నాను, హోంవర్కన్నాను, గొంతు నొప్పన్నాను. రెండు నెలలుగా నీతో చెప్పినవన్నీ అబద్ధాలు. పిల్ల రానంటోంది. నీ గొంతు వినడానికి ఒప్పుకోవడం లేదు. అలా కావడానికి కారణం నేనే. అది చెప్పడానికే ఇంత కాగితం.

నవంబరులో నేను తాబేళ్ళ కేంద్రంలో పనికి చేరానని నీకు తెలుసు. ఒడ్డున తాబేళ్ళు పెట్టిన గుడ్లను కుక్కలకు దొరక్కుండా ఏరి తెచ్చి, కంచె లోపల గోతులు తీసి పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదలడం అక్కడి పని. కాపలా కన్నయ్య మావది. నేను టెక్కలిలో ఇంటర్ దాకా చదివాను కదా, బడిపిల్లలను తీసుకొస్తే వాళ్ళకు ఇవన్నీ విడమరిచి చెప్పే పని నాకు ఇచ్చారు. నడిపించే సంస్థ తరఫున సూర్యం గారని ఒకాయన కోటబొమ్మాళిలో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. "లెక్కలు చెబితే పిల్లలు మర్చిపోతారమ్మా. మనసుకు తగిలేలా చెప్పాలి. ఒక్కసారి కళ్ళ నీళ్ళు తిరిగితే ఆ పాఠం జన్మలో పోదు" అన్నారు.

కళ్ళ నీళ్ళు తెప్పించడం నాకు చేతకాని పనా బావా? మన రేవులో ఎవరింట్లో చావు జరిగినా శోకం పెట్టడానికి మా అమ్మ తరవాత నన్నే పిలుస్తారు. నేను నోరు తెరిస్తే పీనుగను మోసేవాళ్ళు కూడా ఏడుస్తారని నువ్వే కదా వేళాకోళం చేసేవాడివి.

జనవరి మూడో శనివారం ఐదో తరగతి పిల్లలను టీచరమ్మ తీసుకొచ్చింది. సుస్మిత కూడా వాళ్ళలో ఉంది. ఆ పొద్దున్నే ఒక పెద్ద తల్లి తాబేలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మెడ మీద వల తాడు కోసిన గాటు ఉంది. కుక్కలు పొట్ట పీకితే లోపలి గుడ్లు ఇసకలో పడి ఉన్నాయి. అదే పొద్దున అక్కడికి ఇరవై అడుగుల దూరంలో కన్నయ్య మావకు నూట నాలుగు గుడ్లున్న గూడు దొరికింది. అవి తెచ్చి పద్నాలుగో గోతిలో పాతాడు. చచ్చిన తల్లి చావకముందు పెట్టిన గుడ్లే అవి అని పిల్లలు అనేసుకున్నారు. ఆ తల్లి గుడ్లు పెట్టకుండానే చచ్చింది కదా, అది కుదరదని నాకు తెలుసు. కథ బాగుందని నేనూ కాదనలేదు.

బొమ్మల అట్టలు పక్కన పెట్టేశాను. ఆ తల్లి పక్కన ఇసకలో చతికిలబడి, పసుపు రాసి, బొట్టు పెట్టి, శోకం ఎత్తుకున్నాను. "పురిటికొచ్చినావా తల్లీ, కన్నోరి వాకిలి తొక్కకముందే కడతేర్చీసినారా నిన్ను..." మొదటి రెండు మాటలకే పిల్లలు ఘొల్లుమన్నారు. టీచరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సూర్యం గారు ఫోనులో వీడియో తీసుకుంటున్నారు.

మన శోకానికి ఒక వరస ఉంది కదా. పోయినవాళ్ళ మంచి చెప్పాలి, మిగిలినవాళ్ళ గతి చెప్పాలి, ఆఖర్న ఇది ఎవరివల్ల జరిగిందో వాళ్ళను తిట్టాలి. తిట్టకుండా శోకం తెగదు. నేనూ ఆ వరసలోనే వెళ్ళాను. "నీ బిడ్డల్ని నీటిపాలు సేసిన పెద్ద బోటు నడిసముద్రంలో ములిగిపోనూ, అందులో ఒక్కడూ ఒడ్డు సూడకపోనూ" అన్నాను. అప్పుడు సుస్మిత నా ఎదురుగానే నిలబడి ఉంది.

సూర్యం గారు మెచ్చుకున్నారు. వారం రోజులు ఊళ్ళో పిల్లలు చేపల కూర ముట్టలేదు. ఒకడు వాళ్ళ నాన్నను హంతకుడా అన్నాడట. ధనమ్మ వదిన చేట పట్టుకుని మన వాకిట్లోకి వచ్చి, "నీ తాబేళ్ళ సదువు నువ్వే సదువుకో, నా కొడుక్కి కూటికాడ యాగీ నేర్పకు" అని దులిపేసి వెళ్ళింది. నాకు లోపల గర్వంగానే ఉంది. పిల్లల మనసులకు గట్టిగా తగిలించానని.

అత్త మాత్రం ఆ రోజే కోప్పడింది. "పురుడు పోసుకున్న కాడ ఎవలైనా ఏడుత్తారేటే? మా కాలంలో తాబేలు ఒడ్డెక్కిందంటే ఆడోలం దూరంగా నిలబడిపోయీవోలం. మగోలని అటేపు రానిచ్చీవోలం కాదు. మాటాడీవోలం కాదు. అది గుడ్లెట్టి ఎల్లిపోయినాక ఇసక మీద పసుపు జల్లి వచ్చీవోలం. గుంటలికి నేర్పితే అది నేర్పు, శాపనార్థాలు కాదు" అంది. పాతకాలం మాటలని నేను చెవిన పెట్టలేదు.

ఆ రోజు నుంచే పిల్ల ఫోనుకు దూరమైంది. నాన్న బోటు తాబేళ్ళను చంపుతుందని కోపం వచ్చిందనుకున్నాను. అదే తగ్గుతుందిలే అనుకున్నాను. మొన్న ఆదివారం బోటెక్కే ముందు నువ్వు ఫోను చేశావా, "సుస్మితా" అని పిలిచావా, అప్పుడది ధాన్యం బస్తా వెనక్కి వెళ్ళి రెండు చేతులతో చెవులు మూసుకుంది. నువ్వు ఫోను పెట్టేశాక నాకు ఒళ్ళు మండిపోయి చెయ్యెత్తాను. అత్త అడ్డం పడింది. అప్పుడు పిల్ల ఏడుస్తూ చెప్పింది.

జనవరిలో ఆ రోజు ఇంటికి వచ్చాక అది అత్తను అడిగిందట, "నాన్నమ్మా, పెద్దోలు తిట్టిన తిట్టు తగలకుండా ఏటి సెయ్యాల?" అని. అత్త రొయ్యలు ఒలుచుకుంటూ, ఎందుకడుగుతోందో కనుక్కోకుండా, "నీకు బాగా ఇష్టమైంది ఒకటి ఒగ్గీసి గంగమ్మకి మొక్కుకోవాల" అందట. నీకు తెలుసా బావా, నువ్వు మొదటిసారి బోటెక్కినప్పుడు అత్త పనసతొనలు వదిలేసింది. ఉద్దానంలో పుట్టి పనసతొన ముట్టని మనిషి ఇంకొకరు లేరు. అరగదని మనకు చెబుతూ వచ్చింది.

సుస్మితకు బాగా ఇష్టమైంది నీతో ఫోనులో మాట్లాడటం. అదే వదిలేసింది. పద్నాలుగో గోతిలో గుడ్లు పిల్లలై సముద్రంలోకి వెళ్ళేదాకా నాన్న గొంతు విననని మొక్కుకుంది. అప్పుడు ఆ తల్లి శాంతిస్తుందట, అమ్మ తిట్టిన తిట్టు నాన్నకు తగలదట.

రెండు నెలలు దానికి నీ మీద కోపమని నేను అనుకుంటున్నాను. అది నీ కోసం నోరు కట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు అసలు మాట రాయాలి. నేను ఆ రోజు ఏడ్చింది తాబేలు కోసం కాదు. పోయిన భాద్రపదంలో నాలుగో నెలలో కడుపు నిలవకుండా పోయినప్పుడు నువ్వు సముద్రంలో ఉన్నావు. తొమ్మిది రోజుల తరవాత ఫోను చేస్తే, "పర్లేదు బావా, నువ్వు పని చూసుకో" అన్నాను. పుట్టని బిడ్డకు మనలో శోకం పెట్టరు. అందరి చావులకూ ఏడ్చిన నేను నా బిడ్డకు ఒక్క మాట కూడా ఎత్తుకోలేదు. ఇసకలో ఆ గుడ్లు చూసేసరికి అదంతా బయటపడిపోయింది. బోటు ములిగిపోనూ అన్నప్పుడు నా కళ్ళ ముందున్నది ఎవరి బోటో కాదు బావా, నిన్ను తీసుకురాని నీ బోటే. పిల్లకు అది ఎలా తెలిసిందో నాకు తెలియదు. తెలిసింది.

దానికి ముందు గోతుల్లో గుడ్లన్నీ యాభై, యాభై ఐదు రోజుల్లో పిల్లలయ్యాయి. పద్నాలుగోది రేపటికి అరవై రెండు రోజులు. ఇంక రావని నాకూ, కన్నయ్య మావకూ తెలుసు. రేపు పొద్దున్న తవ్వి చూడాలి, అది పద్ధతి. సుస్మిత బడికి సెలవు పెట్టి వస్తానంటోంది. ఏమవుతుందో చూసి మిగతాది రాస్తాను.

మార్చి 21, శుక్రవారం మధ్యాహ్నం

నిన్న సాయంత్రం ఈ కాగితం మడిచి పెట్టగానే కన్నయ్య మావ వచ్చాడు. "పదిహేడో గోతిలో పిల్లలు పైకి వత్తన్నాయి. ఓ పదింటిని తీసి పద్నాలుగులో ఇసక కింద ఎట్టీనా? గుంటకేటి తెలుస్తాది. పాపం, నాన్నతో మాటాడుకుంటాది" అన్నాడు. అత్త వెంటనే సరేనంది. నాకూ ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పది పిల్లలు, ఒక బకెట్టు, అయిదు నిమిషాల పని. ఈ రోజే దాని మొక్కు తీరిపోయేది.

కానీ ఒప్పుకోలేకపోయాను. ఒకసారి ఏడిపించి దానికి తప్పు నేర్పాను. ఇప్పుడు నవ్వించి ఇంకో తప్పు నేర్పనా? వద్దు మావా అన్నాను. నా మొండితనం నీకు తెలుసు, అత్త ఒక పూట మాట్లాడలేదు.

పొద్దున్న ఒడ్డుకు నడుస్తూ పిల్లతో చెప్పాను. ఆ గోతిలో ఏమీ బతికి ఉండకపోవచ్చన్నాను. ఆ గుడ్లు ఆ తల్లివి కావని కూడా చెప్పాను. ఆ రోజు నేను నాన్నను తిట్టానని, తమ్ముడో చెల్లో పోయిన దుఃఖంలో తిట్టానని, ఆ తిట్టు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నీళ్ళలో నిలబడి గంగమ్మ వినేలా గట్టిగానే చెప్పాను. చుట్టూ వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూశారు. చూడనీ అనుకున్నాను. పిల్ల అంతా విని, "సర్లే. ముందు గొయ్యి సూద్దాం" అంది.

కన్నయ్య మావ చేత్తోనే తవ్వాడు. మోచెయ్యి లోతుకు వెళ్ళగానే వాసన వచ్చింది. ఒక్కొక్కటీ తీసి బయట పెట్టాడు. నూట నాలుగూ పాడైపోయాయి. రెండు మూడింటిలో పిల్ల కట్టింది గానీ ప్రాణం లేదు. బొటనవేలంత రెక్కలు. సుస్మిత అందులో ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. శోకం ఎత్తుకోబోయాను. పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. అత్త కొంగు ముడి విప్పి పసుపు తీసి పిల్ల చేతిలో పోసింది.

"ఏల సచ్చిపోనాయి తాతా?" అని అడిగింది మావను.

"పుస్యమాసం మంచు ఎక్కువ పడ్డాది గదమ్మా. ఇసక సల్లబడిపోయుంటాది. నేకపోతే గుడ్డులోనే నోపమేమో. ఒక్కోపాలి అలగే అవుద్ది."

"మరి ఎవల్ని తిట్టాల?"

కన్నయ్య మావ నా మొహం చూశాడు. నాకు తల ఎత్తడం చేతకాలేదు. "ఎవల్నీ తిట్టక్కర్లేదమ్మా. ఇందులో ఎవలి తప్పూ నేదు" అన్నాడు.

పిల్ల గుడ్లన్నీ తిరిగి గోతిలో పెట్టి, పసుపు చల్లి, ఇసక కప్పింది. చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ అడిగింది. "మరి నాన్న బోటులో వల్లో తాబేలు పడితే?"

"అది బతుకుద్ది, సేతిలో పనే" అని మావ చెప్పడం మొదలుపెట్టాడు. వల్లో చిక్కి పైకి వచ్చిన తాబేలు కదలకపోతే చచ్చిందని విసిరేస్తారట, చాలాసార్లు అది చచ్చి ఉండదట. ఏం చెయ్యాలో అంతా చెప్పాడు. సుస్మిత మధ్యలో ఆపి, చెప్పిందే మళ్ళీ చెప్పించుకుంది. తను అప్పజెప్పి, తప్పులు దిద్దించుకుంది. నేను నవంబరు నుంచి చెబుతున్న పాఠాల్లో ఏ ఒక్కదాన్నీ ఏ పిల్లా అలా అడిగి నేర్చుకోలేదు. తరవాత నా దగ్గరకు వచ్చి చెయ్యి చాపింది.

"ఫోనియ్యి."

"మొక్కో?" అన్నాను.

"గంగమ్మకి నాను సెప్పుకుంటాను. నాన్నకి తెలీపోతే ఎలగ? అక్కడ ఎవలు సెప్తారు?"

ఇచ్చాను. నువ్వు సముద్రం మధ్యలో ఉన్నావని, ఫోను కలవదని చెప్పాను. అయినా నంబరు నొక్కింది. నువ్వు అందుబాటులో లేవని ఒక ఆడమనిషి గొంతు గుజరాతీలో మొదలుపెట్టింది. సుస్మిత ఆగలేదు.

"నాన్నా, నాను. తాబేలు వల్లో వత్తే సచ్చిపోనాదని ఇసిరీకు. అది ఊపిరాడక సొమ్మసిల్లిపోద్ది, అంతే. నీడలో ఎట్టు. ఎనక పక్క రవ్వంత ఎత్తు సెయ్యి, లోపల నీల్లు కారిపోతాయి. తడి గోనె కప్పు. ముక్కు మీద కప్పకు..."

ఆ ఆడమనిషి హిందీలోకి వచ్చింది, ఇంగ్లీషులోకి వెళ్ళింది, ఫోను కట్టయింది. మళ్ళీ చేసి, ఆగిన చోటి నుంచి అందుకుంది. "పొద్దున్నెడితే సాయంత్రానికి కదులుతాది. అప్పుడు ఇంజిన్ ఆపమను. ఆల్లు ఆపకపోతే బతిమాలు. రెండు సేతుల్తో పట్టుకుని మెల్లగా నీల్లోకి దింపు. ఇసరకు నాన్నా, దింపు." నాలుగుసార్లు కట్టయింది, నాలుగుసార్లూ చేసింది. అంతా అయ్యాక ఫోను నా చేతిలో పెట్టి, "ఒడ్డుకొచ్చినాక మల్లీ సెప్తాను" అంది. అత్త అటు తిరిగి సముద్రం చూస్తూ నిలబడింది.

వచ్చే వారం ఇంకో బడి పిల్లలు వస్తారు. శోకం పెట్టనని సూర్యం గారికి చెప్పేశాను, ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. పసుపు జల్లడం నేర్పడానికి అత్త వస్తానంది. ఇంజిన్ ఆపమని ఎలా బతిమాలాలో చెప్పడానికి సుస్మిత వస్తానంది. మా ఆయన కూడా పెద్ద బోటులోనే పనిచేస్తాడని నేను ముందే చెబుతాను. తరవాత ఏం చెప్పాలో నాకింకా తెలియదు.

నువ్వు ఒడ్డుకు రాగానే ఫోను చెయ్యి బావా. నాకు చెప్పాల్సినది ఉంటే తరవాత చెబుదువు గానీ, ముందు పిల్లతో మాట్లాడు. అది చెప్పబోయేదంతా నీకు ఈ ఉత్తరంలో ముందే తెలిసిపోయింది. తెలుసని మాత్రం అనకు. "అవునా" అను, "తరవాత" అను. రెండు నెలలు నీ గొంతు వినకుండా నిన్ను కాపాడిన పిల్ల ఇప్పుడు నీకు నేర్పడానికి వస్తోంది. ఏమీ తెలియనివాడిలా కూర్చుని, ఆఖరిదాకా విను.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, సుస్మిత తల్లి,
రాణి